భూగర్భమునకు చిట్టా వ్రాసిన ఫెర్మరు

భూమికి మన పూర్వులు పెట్టిన పేర్లలో వసుధ, వసుమతి, వసుంధర అనునవి కలవు. వసువనగా ధనము. ధనమును ధరించినది గనుక వసుంధర యైనది. కాని ఆ ధనము ఎచ్చట నున్నదో, ఎంత యున్నదో, ఏ రూపమున నున్నదో భూమి తనంతట తాను చెప్పదు. కొండవాలున నడచి, వాగు గట్టున వంగి, రాతిని పగులగొట్టి అడుగవలెను. వచ్చిన సమాధానమును పొల్లుపోకుండ వ్రాసి పెట్టవలెను. అట్లు అడుగుటయు వ్రాయుటయు జీవితముగా గడపినవారే ఖనిజాన్వేషకులు.

ఈ వృత్తి మన దేశమునకు క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ అధికరణమునందు ఆకరాధ్యక్షుడను ఉద్యోగి కనబడును. ఆకరమనగా గని. రంగు, బరువు, వాసన మున్నగు గుర్తులనుబట్టి ధాతువు గల రాతిని, మట్టిని ఆతడు పోల్చుకొనవలెను. పూర్వము త్రవ్వి విడిచిన గనులను కిట్టము, మూసలు, బొగ్గు, బూడిద అను ఆనవాళ్లవలన గుర్తింపవలెను. ఉప్పునకు వేరుగా లవణాధ్యక్షుడు కలడు. నౌపడా ఉప్పుమళ్ల ప్రక్కన పుట్టి పెరిగినవారికి ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. అయితే ఆకరాధ్యక్షుని లెక్క రాజుగారి బొక్కసమునకు మాత్రమే చేరెడిది. ఇటీవలి కాలపు భూగర్భశాస్త్రజ్ఞుడు తన లెక్కను అచ్చువేయించి లోకమునకు అప్పగించును. తరువాత వచ్చువాడు దానిని చదివి, సరిచూచి, తప్పున్నచో దిద్దును. ఈ భేదము చిన్నది కాదు. మన సీమ రాళ్లకు అట్టి లెక్క వ్రాసిన వారిలో ముఖ్యుడు లూయిస్ లీ ఫెర్మరు.

మన సీమకు ఆయనకు గల సంబంధము

పలాసలో రైలెక్కి దక్షిణముగా పోవువారు పూండి, నౌపడా, కోటబొమ్మాళి, తిలారు, శ్రీకాకుళం రోడ్డు, పొందూరు, సిగడాం దాటి చీపురుపల్లి చేరుదురు. దాని తరువాతిది గరివిడి. ఆ పరిసరములందే కోడూరు, గర్భాము అను గ్రామములు కలవు. నూరేండ్లకు పైబడిన కాలమునుండి ఈ మూడు పేర్లును దేశదేశముల భూగర్భశాస్త్ర గ్రంథములలో అచ్చగుచున్నవి. అందుకు కారణము అచ్చటి మాంగనీసు; ఆ మాంగనీసును గూర్చి వ్రాసినవాడు ఫెర్మరు.

జిల్లాల సరిహద్దులు మారుటవలన కొందరికి ఇది పరాయి కథవలె తోపవచ్చును. కోడూరు, గరివిడి మొదట విశాఖపట్నం జిల్లాలోనివి. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడినపుడు మన జిల్లాలో చేరెను. 1979లో విజయనగరం జిల్లాకు పోయెను. మన టెక్కలి, పలాస ప్రాంతములు 1936 వరకు గంజాము జిల్లాలో నుండి, పిమ్మట విశాఖపట్నం జిల్లాలో పదునాలుగేండ్లు గడపి, 1950లో శ్రీకాకుళం జిల్లాకు వచ్చినవి. కాగితముమీది గీతలు మారినను క్రింది రాయి మారలేదు. మహేంద్రగిరి మొదలుకొని విశాఖ కొండలవరకు వ్యాపించిన తూర్పు కనుమల రాయి ఒకే కుటుంబము. అందులో ఒక శాఖకు వాకరు అను శాస్త్రజ్ఞుడు 1902లో ఖోండు జాతి పేరుమీద ఖొండలైటు అని పేరు పెట్టెను. మరియొక శాఖకు హాలండు అను శాస్త్రజ్ఞుడు, కలకత్తాలో జాబ్ చార్నొకు సమాధిపై పరచిన రాయి అట్టిదే యగుటచే, చార్నొకైటు అని పేరు పెట్టెను. మన ఉద్దానపు ఇసుకకు తల్లులు ఈ రాళ్లే. ఆ సంగతి ముందు తెలియును.

జననము, విద్య, ఉద్యోగము

ఫెర్మరు 1880 సెప్టెంబరు 18న లండను నగరమున జన్మించెను. విద్యార్థి వేతనముపై రాజకీయ గనుల విద్యాలయమున చదివెను. అచ్చట జడ్డు అను ఆచార్యుని శిష్యుడయ్యెను. 1902లో భారత భూగర్భ సర్వే శాఖయందు ఉద్యోగమునకు కుదిరి కలకత్తాకు వచ్చెను. ఆ శాఖ 1851లో టామసు ఓల్డుహాము అను పండితునితో మొదలైనది. రాణీగంజు మొదలుకొని సింగరేణి వరకు బొగ్గు క్షేత్రముల పరిశోధన ఆ శాఖవారు చేసినదే. సింగరేణి బొగ్గును గుర్తించిన విలియము కింగు పిమ్మట విశాఖపట్నం జిల్లా భూగర్భమును గూర్చియు వ్రాసెను. ఫెర్మరు ఈ త్రోవలో తరువాతి బాటసారి.

ఆ శాఖవారి పద్ధతి యిది. వర్షములు వెలిసిన పిదప గుడారములతో, బండ్లతో బయలుదేరి వేసవి ముదురువరకు పల్లెలవెంట, కొండలవెంట తిరుగుదురు. చేతిలో సుత్తి, దిక్సూచి, భూతద్దము, సర్వే పటము ఉండును. రాతి పొర ఏ దిక్కునకు సాగుచున్నది, ఏ వైపునకు ఎంత వాలుచున్నది యని కొలిచి పటముపై గుర్తు వేయుదురు. ప్రతి రాతిముక్కకును అంకె వేసి, దొరికిన చోటు వ్రాసి సంచిలో వేయుదురు. వర్షాకాలము కలకత్తా కార్యాలయములో గడచును. అచ్చట రాతిని వెలుతురు చొరబారునంత పలుచగా అరగదీసి సూక్ష్మదర్శినిలో చూతురు, రసాయనశాలలో పాళ్లు తేల్చుదురు, పిదప వ్రాయుదురు. ఆరు నెలలు కాళ్లకు, ఆరు నెలలు కన్నులకు పని.

మాంగనీసు వర్తకము

మాంగనీసు నల్లని లోహధాతువు. చూచుటకు బొగ్గురాయివలె నుండి, ఎత్తిచూచిన ఇనుపగుండువలె బరువుండును. ఉక్కు కరగించునపుడు అందులో మిగిలిన ప్రాణవాయువును, గంధకమును మాంగనీసు పట్టి బయటికి తీయును. అది లేనిచో ఉక్కు కాచి కొట్టునపుడు బీటలు వారును. 1882లో హాడ్‌ఫీల్డు అను ఇంగ్లీషు లోహశాస్త్రజ్ఞుడు నూటికి పండ్రెండు పాళ్లు మాంగనీసు కలిపిన ఉక్కును చేసెను. దెబ్బ తగులుకొలది గట్టిపడుట దాని గుణము. రైలుపట్టాలు ఒకదాని నొకటి దాటు కూడళ్లయందు నేటికిని అట్టి ఉక్కు వాడుదురు.

భారతదేశమున మాంగనీసు త్రవ్వకము వర్తకరీతిని మొదలైనది మన కోడూరు ప్రాంతముననే. 1892లో విజయనగరం మైనింగు కంపెనీవారు ఆ పని ప్రారంభించిరి. ఆ దశకముననే తూర్పుతీరపు రైలుమార్గము పూర్తియగుట వారికి కలిసివచ్చెను. విశాఖపట్నమున ఓడలు లోనికి వచ్చి నిలుచు రేవు 1933లో గాని ఏర్పడలేదు. అంతకు పూర్వము సరకును పడవలలో చేరవేసి, దూరమున లంగరు వేసిన ఓడలకు ఎక్కించెడివారు. 1905లో రష్యాదేశమున అల్లర్లు చెలరేగి కాకససు గనుల సరకు తగ్గుటచే, తరువాతి రెండేండ్లు మన దేశపు మాంగనీసునకు గిరాకి హెచ్చెను. నాగపురము, బాలాఘాటు, ఛింద్వారా ప్రాంతములందు క్రొత్త గనులు వెలసెను.

గిరాకి పెరిగినపుడు తొందరయు పెరుగును. ఎచ్చట త్రవ్విన ఎంత వచ్చునో తెలియక ధనము పోగొట్టుకొనువారు పుట్టుదురు. అట్టి సమయమున దేశమంతటి మాంగనీసునకు ఒక నమ్మకమైన లెక్క కావలసివచ్చెను. ఆ పని ఇరువది యేండ్లు దాటి కొలది యేండ్లే యైన ఫెర్మరు చేతికి వచ్చెను.

గొప్ప గ్రంథము

1909లో ఫెర్మరు గ్రంథము భూగర్భ శాఖవారి స్మృతిగ్రంథమాలలో ముప్పది యేడవ సంపుటముగా వెలువడెను. వేయి పుటలకు మించిన గ్రంథమది. నాలుగు భాగములు. మొదటిది ఖనిజముల గుణములు. రెండవది అవి పుట్టిన రాళ్ల చరిత్ర. మూడవది వర్తకము, త్రవ్వకము. నాలుగవది దేశమందలి ఒక్కొక్క గని వర్ణనము. మనదేశపు మాంగనీసును గూర్చి తరువాత వ్రాసిన ప్రతివారును ఈ గ్రంథముతో మొదలుపెట్టవలసినదే.

కోడూరున ఫెర్మరు ఒక వింతరాతిని చూచెను. అందులో మూడు ఖనిజములు ప్రధానము. ఒకటి పొటాషు గల ఫెల్‌స్పారు. రెండవది మాంగనీసు గల గార్నెట్టు. దీనికి స్పాండైటు అని ఆయనయే పేరు కల్పించెను. మూడవది భాస్వరము గల అపటైటు. ఇట్టి కూర్పు గల రాతికి వేరొకచోట పేరు లేనందున, గ్రామము పేరుమీద కోడురైటు అని నామకరణము చేసెను. ఒక చిన్న పల్లె పేరు ఈ విధముగా శాస్త్రజ్ఞుల నిఘంటువులలో స్థిరపడెను. మధ్యపరగణాలలో దొరికిన మరియొక మాంగనీసు రాతికి గోండు జాతి పేరుమీద గొండైటు అని పేరు పెట్టెను. క్రొత్తగా గుర్తించిన ఖనిజములకు గురువైన జడ్డు పేరును, శాఖాధిపతియైన హాలండు పేరును, తోడి ఉద్యోగియైన వ్రెడెన్‌బర్గు పేరును ఇచ్చెను. గోతులలో దిగి సుత్తిపోటు వేసి, తట్టలతో ఆ రాతిని పైకి మోసిన కూలివారి పేరు మాత్రము ఏ ఖనిజమునకును పెట్టబడలేదు. అది ఆ కాలపు లెక్కలో మిగిలిన లోటు.

పేరు పెట్టుట శాస్త్రజ్ఞుల ముచ్చట యని పామరులు తలంపవచ్చును. కాని కోడురైటు విషయమున ఆ పేరు వెనుక వర్తకుని లాభనష్టములు దాగియున్నవి. మన గనుల మాంగనీసునకు మధ్యపరగణాల మాంగనీసుకంటె ధర తక్కువ. మనదానిలో ఇనుము హెచ్చు, మాంగనీసు పాలు తక్కువ. అన్నిటికంటె ముఖ్యముగా భాస్వరము హెచ్చు. భాస్వరము ఉక్కును పెళుసుగా చేయును. ఆ భాస్వరము ఎచ్చటనుండి వచ్చినది? మూలశిలయందలి అపటైటునుండి. రాతిని చదివినవానికి ధర ఏల తగ్గెనో తెలిసిపోవును. అట్లే ఆ రాతిలోని ఫెల్‌స్పారు ఎండవానలకు కుళ్లి సుద్దమన్నుగా మారును. ఆ సుద్దలో మాంగనీసు గడ్డలు గడ్డలుగా, వరుస లేక పడియుండును. అందువలన ఒక గోతిలో బాగుగా దొరకినంత మాత్రమున ప్రక్క గోతిలోను దొరకునను నమ్మకము లేదు. ఈ మాట తెలిసినవాడు అప్పుచేసి గోయి త్రవ్వుటకు ముందు ఒకటికి రెండుమార్లు ఆలోచించును.

పొరపాటు, దిద్దుబాటు

ఇంతటి పండితుడును ఒక ముఖ్యవిషయమున పొరపడెను. కోడురైటు భూమిలోపలినుండి కరగి పైకి చొచ్చుకొనివచ్చి గడ్డకట్టిన అగ్నిశిల యని ఫెర్మరు నిశ్చయించెను. మధ్యపరగణాల గొండైటు పూర్వము నీటి అడుగున పేరుకొనిన మట్టి, వేడికిని ఒత్తిడికిని మారి రాయియైనదని సరిగనే చెప్పిన ఆయన, మన కోడురైటునకు ఆ న్యాయమును వర్తింపజేయలేదు. తరువాతి పరిశోధకులు, వారిలో మన ఆంధ్ర విశ్వవిద్యాలయపు వారును, ఆ కొండలను మరల నడచి చూచిరి. మాంగనీసు పొరలు ఖొండలైటు పొరలతో కలిసి ఒకే వరుసన సాగుట గమనించిరి. కోడూరు మాంగనీసు కూడ మొదట నీటియడుగున పేరుకొనిన మడ్డియే యనియు, అది మిక్కిలి వేడిలో మారుచుండగా గ్రానైటు జాతి ద్రవము చొచ్చి కలియుటచే కోడురైటు రూపము వచ్చినదనియు పెక్కుమంది నిర్ణయించిరి. వ్రెడెన్‌బర్గైటు కథయు ఇట్టిదే. బెల్డోంగ్రి, గరివిడి గనుల సరకును చూచి ఫెర్మరు దానిని ఒకే ఖనిజమని తలంచెను. మెరుగైన సూక్ష్మదర్శిని వచ్చిన పిదప అది జాకబ్సైటు, హౌస్మనైటు అను రెండు ఖనిజముల అల్లికయని తేలెను.

అయినచో ఆ వేయి పుటలు వ్యర్థమా? కాదు. కారణమేమనగా, ఫెర్మరు చూచినది వేరుగను, దానినుండి ఊహించినది వేరుగను వ్రాసెను. ఏ గోతిలో ఏ రాయి, ఏ రాతి ప్రక్కన ఏ రాయి, అందు ఏ ఖనిజములు, ఏ పాళ్లు అను విషయములు ఒక యెత్తు. వాటి పుట్టుక యిట్లుండవలెనను అభిప్రాయము మరియొక యెత్తు. గ్రామలెక్కలలో రావలసిన శిస్తు ఒక వరుసలోను, వసూలైన శిస్తు ఒక వరుసలోను వ్రాయుదురు. రెండును కలిపి వ్రాసినవాని దస్త్రము ఎవరికిని పనికిరాదు. వేరుగా వ్రాసిన దస్త్రములో కూడిక తప్పినను, తరువాత వచ్చినవాడు అంకెలు చూచి దిద్దుకొనగలడు. ఫెర్మరును దిద్దినవారు ఫెర్మరు అంకెలనే ఆధారము చేసికొని దిద్దిరి. శాస్త్రజ్ఞునకు ఇంతకంటె గౌరవము లేదు.

తరువాతి జీవితము

ఫెర్మరు మాంగనీసుతో ఆగలేదు. బొగ్గు క్షేత్రములను పరిశోధించెను. 1913లో గార్నెట్టు ఖనిజమును గూర్చి ఒక క్రొత్త ఆలోచనను ప్రకటించెను. కొన్ని రాళ్లలో గార్నెట్టు పుట్టుటకు మిక్కిలి ఒత్తిడి కావలెను గనుక, అది కనబడిన రాయి ఎంత లోతున పుట్టినదో చెప్పు కొలబద్దగా దానిని వాడవచ్చుననియు, భూమి పైపొరకు దిగువ గార్నెట్టు సమృద్ధిగా గల ఒక మండలము ఉండవచ్చుననియు ఆయన ఊహ. దక్షిణాపథమందలి అతిప్రాచీన శిలలనన్నిటిని చార్నొకైటు గల సీమలు, లేని సీమలు అని విభజించి, వాని సంబంధములను తేల్చుటకు పెద్ద ప్రయత్నము చేసెను. ఆ విభాగమున మన తూర్పు కనుమలు మొదటి తెగలోనివి.

1933లో భారత విజ్ఞాన మహాసభకు అధ్యక్షుడయ్యెను. 1934లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. 1935లో ఏర్పడిన భారత జాతీయ విజ్ఞాన సంస్థకు ప్రథమాధ్యక్షుడాయనయే. అదే సంవత్సరమున సర్ బిరుదమును పొంది, భూగర్భ శాఖ డైరెక్టరు పదవినుండి విరమించెను. పిదప మలయా దేశపు గనులను గూర్చి నివేదిక వ్రాసెను. 1954 మే 24న ఇంగ్లండులో మరణించెను. సీతాపారు గనిలో దొరికిన ఒక ఖనిజమునకు 1910లో ఇతర పండితులు ఫెర్మరైటు అని ఆయన పేరు పెట్టియుండిరి.

ఈ కీర్తికి మూల్యమును ఇంటివారు చెల్లించిరి. 1915లో పుట్టిన ఆయన కుమారుడు పాట్రికు పసితనమున ఇంగ్లండులోనే వేరొక కుటుంబమున పెరిగెను. తండ్రి ఇండియాలో, బిడ్డ ఇంగ్లండులో. వారు కలిసికొనిన దినములు బహు తక్కువ. భార్యాభర్తలును విడిపోయిరి. ఆ పాట్రికు లీ ఫెర్మరే ఐరోపాఖండమును కాలినడకన దాటి, ఆ ప్రయాణమును వ్రాసి ప్రసిద్ధ రచయిత యయ్యెను. తండ్రి నడకకును కొడుకు నడకకును పోలిక చెప్పుకొనుట మనకు సులభము. అది వారికి దగ్గరితనమును తేలేదు. ఎడారులందు, గనులయందు, నౌకలయందు బ్రతుకుతెరువునకై దూరము పోయిన తండ్రులు ఉద్దానపు పల్లెలయందు నేడు ఎందరో కలరు. ఆ ఇండ్లవారికి ఈ విషయము విప్పి చెప్ప నక్కరలేదు.

మన సముద్రతీరపు నల్లని ఇసుక

మాంగనీసు కథ కోడూరునకు చెందినది. ఉద్దానపు తీరమునకు చెందిన కథ యింకొకటి కలదు. బారువ మొదలు భావనపాడు, కళింగపట్నము వరకు తీరము వెంబడి నడచిన వారందరును తెల్లని ఇసుకపై నల్లని చారలు, అచ్చటచ్చట ఎఱ్ఱని చారలు చూచియుందురు. అది బురద కాదు, బొగ్గుపొడి కాదు. తూర్పు కనుమల ఖొండలైటు, చార్నొకైటు రాళ్లు యుగయుగములుగా శిథిలమై, మహేంద్రతనయ, వంశధార, నాగావళి మున్నగు నదుల ద్వారా సముద్రము చేరినవి. సముద్రము చేటతో ధాన్యమును చెరిగినట్లు ఆ ఇసుకను చెరుగును. సామాన్యపు తెల్ల ఇసుక నీటికంటె రెండున్నర రెట్ల పైచిలుకు బరువు. గార్నెట్టు సుమారు నాలుగు రెట్లు. ఇల్మనైటు నాలుగున్నర రెట్లకు పైన. మోనజైటు సుమారు ఐదు రెట్లు. తేలికది కెరటముతో వెనుకకు పోవును. బరువైనది ఒడ్డున నిలుచును. నల్లనిది ఇల్మనైటు, ఎఱ్ఱనిది గార్నెట్టు. కోడూరు రాతిలో ఫెర్మరు చూచిన గార్నెట్టు కుటుంబమునకు చెందిన ఖనిజమే ఇచ్చట మన పాదముల క్రింద పడియున్నది.

ఈ ఇసుకల విలువ లోకమునకు తెలిసిన విధము మన కొబ్బరి రైతులకు వినోదము గొల్పును. తిరువాన్కూరు నుండి ఎగుమతియైన కొబ్బరిపీచునకు అంటుకొనియున్న ఇసుకలో మోనజైటు కలదని 1909లో షోంబర్గు అను జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. మోనజైటునందు థోరియము కలదు. అప్పట్లో గ్యాసుదీపముల వత్తులకు అది కావలసియుండెను. పిదప అణుశక్తి విషయమున దాని ప్రాముఖ్యము పెరిగెను.

మన తీరమున ఈ శోధనమునకు ఆద్యులలో ఆచార్య సి. మహాదేవన్ గారొకరు. కలకత్తాలో సి.వి. రామన్ గారివద్ద పరిశోధన చేసి, హైదరాబాదు రాజ్యపు భూగర్భ శాఖలో పనిచేసి, 1940 దశకమున ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి భూగర్భశాస్త్ర విభాగమును పెంపొందించిన పండితులు వారు. విశాఖపట్నం జిల్లా తీరపు ఇసుకలలో మోనజైటు కలదని వారును శ్రీరామదాసు గారును 1948లో ప్రకటించిరి. పలాస, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురములు ఆనాడు ఆ జిల్లాలోనివే. అణుఖనిజముల అన్వేషణమునకై కేంద్రప్రభుత్వశాఖ 1949లో ఏర్పడెను. దాని కేంద్రము 1974 నుండి హైదరాబాదున నున్నది. ఇచ్ఛాపురమునకు ఉత్తరమున, గంజాము జిల్లా ఛత్రపురమువద్ద, 1980 దశకము నుండి ప్రభుత్వ సంస్థ తీరపు ఇసుకను వడపోసి ఖనిజములు తీయుచున్నది. 2019లో కేంద్రప్రభుత్వము మోనజైటు గల తీరపు ఇసుకల త్రవ్వకమును ప్రభుత్వ సంస్థలకే పరిమితము చేసెను.

ఇసుక దిబ్బ ఒక ఎత్తు ధనము, మరియొక ఎత్తు గోడ. తుపాను కెరటమునకును కొబ్బరితోటకును నడుమ నిలిచినది ఆ దిబ్బయే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు కొబ్బరి, జీడిమామిడి తోటలు కూలుట చూచినవారికి ఆ గోడ విలువ తెలియును. త్రవ్వవలెనా, వలదా యను ప్రశ్న ఎప్పుడు వచ్చినను, దిబ్బలో ఏ ఖనిజము ఎంత యున్నదో, దిబ్బ పోయినచో ఉప్పునీరు ఎంతదూరము వచ్చునో రెండును లెక్క వ్రాసి చూపుమని అడుగగలిగిన గ్రామము మోసపోదు.

నేల క్రింది నీరు

ఉద్దానమనగా ఉద్యానవనమను మాటకు వికారమని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడి, పనస తోటల పచ్చదనము చూచినవారికి ఆ పేరు తగియే యున్నదని తోచును. ఆ పచ్చదనము నడుమ మూత్రపిండముల వ్యాధి ఎన్ని యిండ్లను కూల్చినదో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములవారికి చెప్పవలసిన పనిలేదు. హిరమండలము జలాశయమునుండి గొట్టములద్వారా ఉద్దానమునకు మంచినీరు తెచ్చు పథకము 2023 డిసెంబరులో ప్రారంభమయ్యెను. అదే నెలలో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, పరిశోధనకేంద్రమును ప్రారంభింపబడెను. నీటిని, నేలను, ఎండవేడిని, పురుగుమందులను, ఇంకను పెక్కింటిని పరిశోధకులు అనుమానించి పరీక్షించిరి. వ్యాధికి ఇదియే కారణమని శాస్త్రము ఇంతవరకు నిర్ధారింపలేదు.

నిర్ధారణ కానిచోట వదంతి పుట్టును. ఒకరు నీరనుదురు, ఒకరు రాయి యనుదురు, ఒకరు ఇసుక యనుదురు. ఇట్టి సమయముననే ఫెర్మరు జీవితము మనకు పనికివచ్చును. చూచినది ఒక వరుస, ఊహించినది ఒక వరుస. ఊరిలో ఏ నుయ్యి ఏ యేట త్రవ్విరి, ఎన్ని మూరలలో ఇసుక పోయి రాయి తగిలినది, ఆ రాయి రంగేది, వేసవిలో నీరు ఎంత దిగును, రుచి ఎప్పుడు మారినది, ఏ బోరు ఎండినది అను సంగతులు నేడు ముసలివారి నోట కలవు; వ్రాతలో లేవు. వారితోనే అవి పోవును. గ్రంథాలయమున ఒక పుస్తకము పెట్టి, నూతికొక పుట చొప్పున ఆ సంగతులను వ్రాయించుటకు పండితుడు అక్కరలేదు. ఎవరి వ్యాధియు, ఎవరి యింటిగుట్టును అందు వ్రాయనక్కరలేదు. నుయ్యి మాత్రము చాలును. రేపు భూగర్భశాస్త్రజ్ఞుడో వైద్యుడో వచ్చి అడిగినపుడు ఊరు మాటతో గాక దస్త్రముతో సమాధానము చెప్పగలుగును.

కోడూరు ప్రాంతపు పాత గోతులలో పెక్కు నీటితో నిండిపోయినవి. ఆ గోతులలో దొరికిన రాయి ఏ దేశపు ఉక్కులో కరిగిపోయినదో ఎవరును చెప్పలేరు. ఆ రాతిని గూర్చి వ్రాసిన పుట మాత్రము మిగిలినది. ఇరువదియైదేండ్లుగా పుటలను కాపాడుచున్న ఈ గ్రంథాలయము ఇకమీదట మన నేలను గూర్చిన పుటలను వ్రాయించు చోటు కూడ అగుగాక.